సోంపు వాసన పోకుండా వాడుకోవడం ఎలా: కొనడం నుంచి అర్కం తీయడం దాకా

ముందు ఒక చిన్న పని చేయండి. వంటింట్లో ఉన్న సోంపు డబ్బా మూత తీసి, ఐదారు గింజలు నోట్లో వేసుకుని మెల్లగా నమలండి. వెంటనే మింగకండి. మొదట పచ్చిగడ్డి లాంటి రుచి వస్తుంది, తర్వాత కాస్త చేదు, ఆ వెనకే నాలుక మీద చల్లగా పాకే తీపి. ఇప్పుడు ఒక గుక్క మంచినీళ్లు తాగండి. నీళ్లు కూడా తియ్యగా అనిపిస్తే మీ సోంపు మంచిదే. పొట్టు నమిలినట్టే ఉండి తీపి జాడ లేకపోతే, డబ్బాలో మిగిలింది ఉత్త పీచు. మీరు డబ్బులిచ్చి కొన్న అసలు సరుకు ఎప్పుడో గాలిలో కలిసిపోయింది.

ఆ అసలు సరుకు పేరు అనెథోల్.

నేను హనుమకొండలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. సెకండియర్‌లో ఈథర్ల దగ్గర ఎనిసోల్ వస్తుంది. నైట్రేషన్ చేస్తే ఆర్థో ఎంత, పారా ఎంత అని అందరూ బట్టీ పట్టేస్తారు. ఆ పేరు ఎనిస్ అనే మొక్క నుంచి వచ్చిందని, దాని చుట్టాన్నే మనం రోజూ అన్నం తిన్నాక నోట్లో వేసుకుంటున్నామని చెప్పినప్పుడు మాత్రం ఒక్కసారిగా తలలెత్తి చూస్తారు. క్లాసులో నలభై నిమిషాల్లో చెప్పలేకపోయిన మిగతా సంగతులే ఇక్కడ రాస్తున్నాను, చేతులతో చేసి చూసుకునేలా.

అనెథోల్ బొమ్మ గీయడం తేలిక. మధ్యలో బెంజీన్ వలయం. ఒక పక్క ఆక్సిజన్, దానికో మిథైల్ సమూహం. ఇంతవరకు అచ్చం ఎనిసోలే. దానికి సరిగ్గా ఎదురుగా, పారా స్థానంలో, మూడు కార్బన్ల తోక. ఆ తోకలో వలయానికి దగ్గరగా ఒక ద్విబంధం. మొత్తం లెక్క చూస్తే 10 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. పంచదార కంటే దాదాపు 13 రెట్లు తీపి. దీని గురించి నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో, నెయ్యిలో, ఆల్కహాల్‌లో హాయిగా కరుగుతుంది. దాని మరుగు స్థానం 234 డిగ్రీలు, అయినా నీటి ఆవిరి తోడు దొరికితే 100 లోపే లేచిపోతుంది. 20 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. వెలుతురు, గాలి తగిలితే చెడుతుంది. కొనడం, దాచడం, వేయించడం, టీ పెట్టడం, అన్నీ ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతాయి.

ఏది ఏమిటో తెలుసుకుని కొనండి

సోంపు అని మనం పిలిచేది ఫెన్నెల్. పాత పుస్తకాల్లో పెద్ద జీలకర్ర అని ఉంటుంది. ఎనిస్ అనేది వేరే మొక్క, మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాలది. రెండూ కొత్తిమీర, జీలకర్ర, వాము ఉన్న కుటుంబంలోవే, అన్నదమ్ముల్లాంటివి. కొన్ని ప్యాకెట్ల మీద ఎనిసీడ్ అని రాసి ఉంటుంది గానీ విప్పి చూస్తే లోపల ఉండేది ఎక్కువసార్లు ఫెన్నెలే. అసలు ఎనిస్ కావాలంటే యునానీ మందుల సామాను అమ్మే దుకాణంలో అనీసూన్ అని అడగండి. అక్కడ బాదియాన్ అంటే మన సోంపు, బాదియాన్ ఖతాయి అంటే అనాస పువ్వు. మూడింటికీ మూడు పేర్లు ఇంత శుభ్రంగా విడదీసి పెట్టుకున్నవాళ్లు నాకు ఇంకెక్కడా కనపడలేదు.

చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది. సోంపు గింజ పొడుగ్గా, గీతలు గీతలుగా, నున్నగా ఉంటుంది. అనీసూన్ పొట్టిగా, కింద ఉబ్బి పైన సన్నగా, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటుంది. భూతద్దం పెడితే ఒళ్లంతా సన్నని నూగు. చాలా గింజలకు చిన్న తొడిమ అంటుకునే ఉంటుంది.

అనాస పువ్వు ఈ కుటుంబానికి చెందినదే కాదు. దక్షిణ చైనాలో, ఉత్తర వియత్నాంలో పెరిగే పచ్చని చెట్టు కాయ అది. పువ్వు అని పిలుస్తున్నాం గానీ ఎండిన కాయే. మొక్కల లెక్కలో ఎంతో దూరంగా ఉన్న రెండు వంశాలు ఒకే అణువును తయారు చేసుకున్నాయి. అనీసూన్ నూనెలో 80 నుంచి 95 శాతం దాకా, అనాస పువ్వు నూనెలో 85, 90 శాతం దాకా అనెథోలే. మన సోంపులో కాస్త తక్కువ, రకాన్ని బట్టి మారుతుంది. అందులో ఫెంకోన్ అనే ఇంకో పదార్థం కూడా ఉంటుంది. కర్పూరం లాంటి వాసన, చేదు రుచి దాని వల్లే. ఫెంకోన్ తక్కువున్నది తీపి సోంపు, ఎక్కువున్నది చేదు సోంపు.

మన మసాలా డబ్బాలో ఈ చుట్టరికం ఇంకా చాలా దూరం పోతుంది. లవంగంలోని యూజెనాల్, దాల్చిన చెక్కలోని సిన్నమాల్డిహైడ్, సోంపులోని అనెథోల్, ఈ మూడింటినీ మొక్కలు ఫినైల్ అలనిన్ అనే ఒకే అమైనో ఆమ్లం నుంచి అల్లుకుంటాయి. బగారన్నంలో ఆ మూడు వాసనలు ఒకదానితో ఒకటి గొడవ పడకుండా కలిసిపోవడానికి ఇదీ ఒక కారణమేమో అని నాకు అనిపిస్తుంది. సకినాల్లో వేసే వాము మాత్రం సోంపుకు మొక్కల వరసలో తమ్ముడైనా, దాని థైమాల్ పూర్తిగా వేరే దారిలో తయారవుతుంది. వాము ఘాటు, సోంపు తీపి ఎందుకని పిల్లలు అడిగితే ఇదే జవాబు.

కొట్లో చూడాల్సినవి

సోంపు మన దగ్గర పంట కాదు. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి కుప్పలు, పసుపు కుప్పలు చూస్తాం గానీ సోంపు మాత్రం గుజరాత్, రాజస్థాన్‌ల నుంచి రావాల్సిందే. గుజరాత్‌లోని ఊంఝా దీనికీ జీలకర్రకూ పెద్ద మండీ. అంత దూరం నుంచి వచ్చి, బీట్‌బజార్ గోదాముల్లో ఉండి, మన వీధి కిరాణం కొట్టులో ఇంకొన్నాళ్లు ఉండి మన ఇంటికి చేరుతుంది. కాబట్టి కొనేముందు పరీక్ష చేయడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

రెండు గింజలు తీసుకుని గోటితో గట్టిగా నలపండి. వేలికి కొద్దిగా జిడ్డు, వెంటనే వాసన రావాలి. నలపకముందే డబ్బా అంతా ఘుమఘుమలాడుతుంటే సంతోషించకండి, ఆ వాసన గింజలోంచి బయటికి పోతున్నదన్నమాట. రంగు మరీ చిలకపచ్చగా ఉంటే అనుమానించండి. తెల్లటి చేతి రుమాలు తడిపి, గింజల్ని అందులో మూటకట్టి రుద్దండి. పచ్చ మరక అంటితే రంగు వేసిన సరుకే. లేత ఆకుపచ్చ, కాస్త పసుపు కలిసిన రంగు సహజం. నూనె తీసేసిన గింజల్ని మళ్లీ ఎండబెట్టి మంచివాటిలో కలపడం కూడా ఉంది. అవి ముదురు రంగులో, ముడుచుకుపోయి ఉంటాయి, నమిలితే తీపి రాదు.

భోజనం తర్వాత నమలడానికి లక్నో సోంపు అని దొరికే సన్నరకం తీసుకోండి. వంటకు లావు రకం చాలు. రెండూ ఒకటే అని కొట్టువాళ్లు చెప్తే నమ్మకండి. సన్నరకంలో పీచు తక్కువ, పళ్లలో ఇరుక్కోదు.

అనాస పువ్వు కొనేటప్పుడు రేకులు విరిగాయని వదిలేయకండి. నూనె ఎక్కువగా ఉండేది ఆ రేకుల గోడల్లోనే, లోపల మెరిసే గోధుమరంగు గింజల్లో తక్కువ. ప్యాకెట్ అడుగున రాలిన గింజలే ఎక్కువుంటే మాత్రం వద్దు.

ఒక గింజను కోసి చూడండి

ఇది ఇంట్లో పిల్లలతో కలిసి చేయాల్సిన పని. కొత్త బ్లేడు, ఒక భూతద్దం చాలు. బ్లేడు మీరే పట్టుకోండి. సోంపు గింజ అని మనం అనుకునేది నిజానికి రెండు పలుకులు అతుక్కున్న కాయ. ఒక పలుకును విడదీసి, అడ్డంగా, సన్నటి బిళ్లలా కోయండి. నానబెట్టిన గింజైతే సులువుగా తెగుతుంది. కోసిన ముఖాన్ని వెలుతురుకు పెట్టి భూతద్దంలో చూడండి. బయటి అంచున ఐదు గట్లు, వాటి మధ్య సందుల్లో నాలుగు నల్లటి చుక్కలు, చదునుగా ఉన్న వైపు ఇంకో రెండు. మొత్తం ఆరు.

ఆ చుక్కలే నూనె గొట్టాలు. గింజ పొడవునా పైనుంచి కిందికి సాగి ఉంటాయి. సోంపు వాసన మొత్తం ఆ ఆరు గొట్టాల్లో మూతపెట్టి ఉంటుంది. గింజ నిండుగా ఉన్నంతకాలం గొట్టాలు మూసే ఉంటాయి. దంచగానే పగులుతాయి. అందుకే ముందే పొడి చేసి పెట్టుకోవద్దని ఇంత గట్టిగా చెప్తున్నాను. గింజలు ఏడాది దాటినా బాగుంటాయి, పొడి కొన్ని వారాలకే చప్పబడుతుంది. కావల్సినప్పుడు కావల్సినంతే రోట్లో వేసి నాలుగు దెబ్బలు వేయండి. మిక్సీ వేడెక్కి కొంత వాసనను అక్కడే పోగొడుతుంది.

దాచే పద్ధతి

ఒకసారి అందంగా ఉందని సోంపును గాజు సీసాలో పోసి వంటింటి కిటికీలో పెట్టాను. మే నెల. వరంగల్ ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. నెల తిరిగేసరికి గింజలు గడ్డి రంగుకు తిరిగాయి, వాసనలో తీపి పోయి మందుల వాసన లాంటిది మిగిలింది. వెలుతురు, గాలి కలిసి అనెథోల్ తోకను ద్విబంధం దగ్గర తెంపేస్తాయి. అప్పుడు ఎనిసాల్డిహైడ్ తయారవుతుంది. వెలుతురు వల్లే కొంత అనెథోల్ తన రూపం మార్చుకుని, ట్రాన్స్ నుంచి సిస్ అవుతుంది. సిస్ రూపం రుచి బాగుండదు, విషగుణం కూడా దానిలోనే ఎక్కువ.

ఎనిసాల్డిహైడ్ పనికిమాలినదని మాత్రం అనుకోకండి. అత్తర్లలో పూల వాసన కోసం వాడతారు. ఎమ్మెస్సీ ల్యాబ్‌లో టీఎల్‌సీ ప్లేటు (కలిసి ఉన్న పదార్థాలను విడివిడి మచ్చలుగా వేరుచేసే పలక) మీద చల్లి వేడి చేస్తే, అప్పటిదాకా కంటికి కనపడని మచ్చలు ఊదా, నీలం, గులాబీ రంగుల్లో తేలడం కెమిస్ట్రీ చదివినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. అక్కడ బాగుంటుంది, సోంపు డబ్బాలో కాదు.

స్టీలు డబ్బా మంచిది. గాజు సీసా అయితే ముదురు రంగుది, లేదంటే అలమారా లోపల. పొయ్యి పక్కన, ఫ్రిజ్ మీద వద్దు, రెండు చోట్లా వేడే. డబ్బా సగానికి తగ్గితే చిన్న డబ్బాలోకి మార్చండి, గాలి తగ్గుతుంది. మూడు నాలుగు నెలలకు సరిపడా మాత్రమే కొనండి.

వేయించడం

చాలామంది చెడగొట్టేది ఇక్కడే. మూకుడు బాగా కాలాక సోంపు వేసి, ఇల్లంతా వాసన వచ్చేదాకా వేయిస్తారు. ఇల్లంతా వచ్చిన వాసన ఇక గింజలో ఉండదు. అలాగని వేయించకుండా ఉండమనడం లేదు. వేయిస్తే పచ్చివాసన పోతుంది, కమ్మటి వేపుడు వాసన కొత్తగా పుడుతుంది, గింజ కరకరలాడుతుంది. ఎంత వేయించాలన్నదే లెక్క.

మందపాటి మూకుడు సన్నసెగ మీద పెట్టి, గోరువెచ్చగా ఉండగానే గింజలు వేయండి. చేతిని ఆపకుండా కలుపుతూ మూడు నాలుగు నిమిషాలు. మొదటి వాసన ముక్కుకు తగిలి, ఒక గింజ కొరికితే పటుక్కుమనగానే దింపి, చల్లటి పళ్లెంలో పలుచగా పరవండి. మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికి ఇంకా వేగుతూనే ఉంటాయి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయండి, లేకపోతే మూతకు ఆవిరి పట్టి మెత్తబడతాయి.

నమలడానికి చేసుకునేదానికి మా ఇంటి లెక్క ఇది: నాలుగు వంతులు వేయించిన సోంపు, ఒక వంతు నువ్వులు, ఒక వంతు ధనియాల పప్పు, అర వంతు సన్నగా తురిమి వేయించిన ఎండుకొబ్బరి, తగినంత కలకండ. రంగు చక్కెర పూత పూసిన గింజలు మా ఇంట్లోకి రానివ్వను. అందులో చక్కెర, రంగు తప్ప సోంపు రుచి తెలియదు.

కూరలో, అన్నంలో

అనెథోల్‌కు నూనె ఇష్టం, నీళ్లు అంటే పడదు. కాబట్టి బగారన్నానికి అనాస పువ్వును ఎసట్లో వేయకుండా నూనెలో, నెయ్యిలో వేయండి. కొవ్వులో కరిగిన వాసన ప్రతి మెతుకుకూ అంటుకుంటుంది. ఎసట్లో వేసి మూత లేకుండా మరిగిస్తే పక్కింటివాళ్లకు మీరు ఏం వండుతున్నారో తెలుస్తుంది తప్ప అన్నానికి అందేది తక్కువ. కిలో బియ్యానికి రెండు పువ్వులు చాలు. మూడోది వేస్తే మిగతా మసాలాలను మింగేస్తుంది.

మటన్ కూరలో సోంపు వాడేవాళ్లు రెండుసార్లు వేసి చూడండి. ఉల్లిగడ్డలు వేగేటప్పుడు అర చెంచా నిండు గింజలు, దింపే ముందు పావు చెంచా అప్పటికప్పుడు దంచిన పొడి. మొదటిది కూరలో కలిసిపోతుంది, రెండోది ముక్కుకు తగులుతుంది. పొడి వేసిన వెంటనే మూతపెట్టి పొయ్యి ఆపేయండి.

పాలలో వెన్న ఉంటుంది కాబట్టి ఉత్త నీళ్లలో కంటే పాలలో సోంపు వాసన బాగా పడుతుంది. మాల్పూరీ పిండిలో వేసేవాళ్లు దంచిన సోంపును ముందు గోరువెచ్చటి పాలలో పావుగంట నానబెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

కడుపు ఉబ్బరానికి సోంపు నీళ్లు

సోంపును గిన్నెలో వేసి పదినిమిషాలు తెర్లించి వడకట్టడం మన అలవాటు. ఆ పద్ధతి మార్చండి. ఒక చెంచా, అంటే సుమారు 2 గ్రాముల సోంపును అప్పటికప్పుడు దంచి కప్పులో వేయండి. అప్పుడే మరిగి దింపిన నీళ్లు పావు లీటరు పోసి, వెంటనే పళ్లెం మూతపెట్టి పావుగంట ముట్టుకోకండి. మూత తీసినప్పుడు అడుగున పట్టిన చుక్కల్ని సింకులో దులపకండి, మళ్లీ కప్పులోకే వంచండి. ఆవిరితో లేచిన నూనె ఆ చుక్కల్లోనే ఉంది. యూరప్ ఔషధ సంస్థ సోంపు టీకి చెప్పే కొలత కూడా ఇంచుమించు ఇదే: 1.5 నుంచి 2.5 గ్రాములు, పావు లీటరు నీళ్లు, 15 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. పేగు కండరాలు పట్టేసినట్టుండే చిన్నపాటి నొప్పికి, ఉబ్బరానికి ఇది ఉపశమనం. నొప్పి వదలకుండా ఉన్నా, వాంతులు, జ్వరం కలిసినా సోంపు నీళ్లతో పొద్దు గడపకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు చెప్పేది దయచేసి శ్రద్ధగా చదవండి. నాలుగేళ్ల లోపు పిల్లలకు డాక్టర్‌ను అడగకుండా సోంపు కషాయం పట్టకండి. చంటిపిల్లలకు కడుపునొప్పి అని అనాస పువ్వు నీళ్లు అసలే పట్టకండి. అనాస పువ్వుకు జపాన్‌లో షికిమి అనే విషపు చుట్టం ఉంది. ఎండిపోయాక రెండింటినీ కంటితో వేరు చేయడం నిపుణులకే కష్టం. దానిలోని అనిసాటిన్ నరాల మీద పనిచేసి ఫిట్స్ తెప్పిస్తుంది. అమెరికాలో పసిపిల్లలు ఆ టీ వల్ల జబ్బుపడితే 2003లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. వంటలో వేసే రెండు పువ్వులకు, చంటిపిల్ల పొట్టలోకి పోయే కషాయానికి చాలా తేడా ఉంది.

ఆ షికిమి పేరు మీదనే షికిమిక్ ఆమ్లం ఉంది. అనాస పువ్వు నుంచి దాన్ని తీసి ఫ్లూ మందు టామిఫ్లూ తయారీకి వాడారు. 2005లో బర్డ్ ఫ్లూ భయంతో అనాస పువ్వుకు కొరత కూడా వచ్చింది. ఆ మాట పట్టుకుని స్వైన్ ఫ్లూ రోజుల్లో కొందరు అనాస పువ్వు నమలడం మొదలుపెట్టారు. షికిమిక్ ఆమ్లం మందుకు ముడిసరుకు మాత్రమే. ఫ్యాక్టరీలో ఎన్నో మెట్లు దాటితే గానీ అది మందు కాదు. నమిలితే ఫ్లూ తగ్గదు.

గర్భిణులు కూరలో ఉన్నంత సోంపు తినవచ్చు, కషాయాలు, నూనె చుక్కలు మాత్రం వద్దు. అనెథోల్‌కు ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ లాంటి గుణం కొద్దిగా ఉంది. సోంపులో ఎస్ట్రగోల్ అని ఇంకోటి కూడా కాస్త ఉంటుంది. అనెథోల్‌లో ఉన్న పరమాణువులే అన్నీ, ద్విబంధం ఒక్కటి తోక చివరికి జరిగింది, అంతే. సబ్జా మొక్క ఆకు నలిపితే వచ్చే సోంపు లాంటి వాసన చాలావరకు దీనిదే. ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు ఎలుకల కాలేయంలో గడ్డలు వచ్చాయి. వంటలో తినేంతకు భయం అక్కర్లేదు గానీ, మంచిదని చెప్పి నెలల తరబడి రోజూ గ్లాసుల కొద్దీ తాగకండి. బంధం ఒక్క అడుగు జరిగితే గుణమే మారిపోతుందని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇంట్లో అర్కం తీయడం

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీ ఉంటే ఇది చేయండి. కావల్సినవి ఒక పెద్ద స్టీలు గిన్నె, దానిలో పెట్టడానికి చిన్న స్టాండు, స్టాండు మీద కూర్చునే స్టీలు గిన్నె, బోర్లిస్తే మధ్యలో కిందికి వంగే మూత, రెండు ట్రేల ఐసు.

100 గ్రాముల సోంపును కచ్చాపచ్చాగా దంచి పెద్ద గిన్నెలో వేసి, లీటరు నీళ్లు పోసి అరగంట నానబెట్టండి. మధ్యలో స్టాండు, దాని మీద ఖాళీ గిన్నె పెట్టండి. స్టాండు నీళ్ల కంటే ఎత్తుగా ఉండాలి. మూతను తిరగేసి పెట్టి, అంచు చుట్టూ తడి గోధుమపిండి పూసి ఆవిరి సందులు మూయండి. బరువులేమీ పెట్టకండి, ఒత్తిడి పెరిగితే మూత దానంతట అది లేవాలి. సన్నసెగ పెట్టి, మూత గుంటలో ఐసు వేయండి. ఆవిరి లేచి, చల్లటి మూతకు తగిలి, నీళ్లై, కిందికి వంగిన చోటుకు జారి, చుక్కచుక్కగా చిన్న గిన్నెలో పడుతుంది. ఐసు కరిగిన నీళ్లు గ్లాసుతో తోడేసి కొత్త ఐసు వేస్తుండండి. 45 నిమిషాల తర్వాత ఆపేయండి. అడుగున నీళ్లు ఇంకిపోనివ్వకండి. త్వరగా అవుతుందని ప్రెషర్ కుక్కర్‌కు గొట్టం తగిలించే పని మాత్రం ఎప్పుడూ చేయకండి. గింజలు ఆవిరి దారికి అడ్డం పడితే కుక్కర్ పేలుతుంది.

చల్లారాక మూత తీసి చూడండి. చిన్న గిన్నెలో ఉన్నది మామూలు నీళ్లలా తేటగా ఉండదు. కొబ్బరిబొండం నీళ్లలో ఒక చుక్క పాలు కలిపినట్టు పలచగా మసకబారి ఉంటుంది. లైటు కింద వంచితే పైన సూది మొనంత మెరుపు చుక్కలు తిరుగుతుంటాయి. అదే నూనె. 100 గ్రాముల్లో మొత్తం కలిపినా ఉండేది రెండు మూడు గ్రాములు, కొన్నిట్లో ఆరు దాకా. మన గిన్నెలకు అందేది అందులో కొంచెమే. యునానీలో అర్క్ ఎ బాదియాన్ అని అమ్మేది ఈ రకం అర్కమే. శుభ్రమైన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి వారంలో వాడేయండి. షర్బత్‌లో రెండు చెంచాలు వేస్తే చాలు.

ఇదే పనిని 50 గ్రాముల అనాస పువ్వుతో చేస్తే, తాగడానికి కాకుండా చూడటానికి, ఇంకో అందం కనపడుతుంది. అర్కాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున పైన తేలిన నూనె తెల్లటి సన్నని రేకులుగా గడ్డకట్టి ఉంటుంది. అర్ధరాత్రి లేచి చూసినా తప్పులేదు, నేను చూశాను. చిటికెన వేలితో తాకితే ఆ రేకు వేలి వేడికి కరిగి, చెయ్యి రోజంతా వాసన వేస్తుంది. సోంపు నూనె అంత సులువుగా గడ్డకట్టదు, దానిలో ఫెంకోన్ లాంటివి ఎక్కువ కాబట్టి.

ఈ గుణమే బజారులో కొన్న నూనెను పరీక్షించడానికి పనికొస్తుంది. ఒక దుకాణంలో అసలైన అనాస పువ్వు నూనె అని చెప్తే చిన్న సీసా కొన్నాను. ఫ్రిజ్‌లో రెండు రోజులు పెట్టినా అది నీళ్లలాగే ఉంది. తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి వదిలితే మూడో రోజుకూ పకోడీ పొట్లంలా జిడ్డు మరక పోలేదు. అసలు నూనె మరక ఒకటి రెండు రోజుల్లో ఎగిరిపోవాలి. నా సీసాలో ఉన్నది చాలావరకు మామూలు వంటనూనె. మీరు కొంటే ముందు ఈ రెండూ చేసి చూడండి. నిజమైన నూనె డిసెంబరు రాత్రుల్లో మన ఊళ్లో బయట ఉన్నా గడ్డకడుతుంది. అలా కట్టినప్పుడు పైన తేలిన నాలుగు చుక్కలు వంచుకుని వాడకండి. గడ్డలో అనెథోల్ ఎక్కువ, తేలిన ద్రవంలో మిగతావి ఎక్కువ. సీసాను గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టి, అంతా కరిగి కలిశాకే తీసుకోండి. నూనెను నేరుగా తాగడం, పిల్లలకు అందేలా పెట్టడం వద్దు. ప్లాస్టిక్ సీసాలో పోయకండి, గాజులోనే ఉంచండి.

పాలయ్యే నీళ్లు

గ్రీసువాళ్ల ఊజో, టర్కీవాళ్ల రాకీ అనే మద్యాలు సోంపు వాసనవి. సీసాలో అద్దంలా తేటగా ఉండి, నీళ్లు కలపగానే పాలలా తెల్లబడతాయి. మద్యం లేకుండానే ఆ తెల్లదనం చూడవచ్చు. మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా తెచ్చుకోండి. ఇది తాగేది కాదు, ఆ గ్లాసును మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి, దగ్గర్లో పొయ్యి, అగ్గిపుల్ల ఉండకూడదు.

ముందు ఉత్త ఆల్కహాల్‌లో నీళ్లు కలిపి, తేటగానే ఉందని నిర్ధారించుకోండి. తర్వాత రెండు అనాస పువ్వులు దంచి, 30 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో ఒక రోజు మూతపెట్టి నానబెట్టి, దూది గుండా వడకట్టండి. గోధుమరంగు తేట ద్రవం వస్తుంది. దానిలో చుక్కచుక్కగా నీళ్లు పోయండి. మొదట ఏమీ జరగదు. ఇంకా పోస్తుంటే ఒక చుక్క పడిన చోట మబ్బు కట్టి, గ్లాసంతా పాకుతుంది. ఆల్కహాల్ పట్టు తగ్గేసరికి అనెథోల్ నీళ్లలో నిలవలేక, కంటికి విడిగా కనపడనంత చిన్న బొట్లుగా విడిపోతుంది. వెలుతురు ఆ బొట్లకు తగిలి చెదరడం వల్ల తెలుపు. మళ్లీ కాస్త ఆల్కహాల్ పోస్తే మబ్బు విడిపోతుంది. మా పిల్లలు దీన్ని నాలుగైదుసార్లు చేయించుకుంటే గానీ వదలరు.

కుండీలో వేసుకోవాలంటే

అక్టోబరు చివర్లో, వానలు పూర్తిగా తగ్గాక వేయండి. వేయించని, కొత్త సోంపు గింజలు ఒక రాత్రి నానబెట్టి, అడుగు లోతున్న కుండీలో వేలి కణుపంత లోపల పెట్టండి. వేరు లోతుకు పోతుంది, పీకి నాటితే సరిగా నిలదొక్కుకోదు, కాబట్టి ఉండాల్సిన చోటే విత్తండి. వారం నుంచి రెండు వారాల్లో దారాల్లాంటి ఆకులు వస్తాయి. నీళ్లు నిలవనివ్వకండి. చలికాలమంతా హాయిగా పెరిగి, పసుపు గొడుగుల్లా పూసి, ఎండలు ముదిరేలోపు గింజ పడుతుంది. గింజ ఇంకా లేతగా, పచ్చగా ఉన్నప్పుడు ఒక గొడుగు తెంపి అక్కడే నిలబడి నమిలి చూడండి. కొట్లో దొరికే ఏ రకమూ దానికి సాటిరాదు. మిగతా గొడుగుల్ని పసుపుపచ్చకు తిరిగాక పొద్దున్నే కోసి, ఎండలో కాకుండా ఫ్యాను కింద నీడలో ఆరబెట్టండి.